బాలప్ప పంతులుకు వేసిన కుర్చీ

మొయినాబాదు,
18 జూన్ 1941.

ప్రియమైన అక్కకు,

కూర్చొని చదువు. బావను కూడా పిలిచి వినిపించు. మనిద్దరం పలకలు చంకన పెట్టుకొని పోయిన మొయినాబాదు మిషన్ బడికి నన్ను హెడ్మాస్టరుగా వేసినారు. సోమవారం నాడు మిషన్ బళ్ళను చూసే దొరగారు పిలిపించి తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టినారు. ఈ ఏడాది బడి ఎట్లా నడుస్తుందో చూసి ఆ తర్వాత ఖాయం చేస్తామని అన్నారు. ట్రైనింగు నుండి వచ్చి ఎన్నాళ్ళయింది నేను! మీసాలు కూడా సరిగ్గా రాని నాకు ఇంత పెద్ద పని ఇచ్చిన దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే.

అయితే ఒక్క సంగతి మాత్రం మింగుడు పడడం లేదు. బాలప్ప పంతులుగారు ఇంకా ఈ బడిలోనే ఉన్నారు. చిన్న క్లాసు ఇప్పటికీ ఆయనదే. నీ వేలూ నా వేలూ పట్టుకొని, క్లాసులో పోసిన వాగు ఇసుకలో అక్షరాలు దిద్దించిన మనిషి. అమ్మ పోయిన ఏడు మనల్ని బడి మాన్పిస్తానన్న బాపుతో కొట్లాడి, చేతులు పట్టుకొని మళ్ళీ బడికి తీసుకుపోయిన మనిషి. ఆయన మీద ఇప్పుడు నేను పెద్దనట!

మొదటి దినం హాజరు సంతకం పెట్టడానికి నా గదిలోకి వచ్చినారు. నేను దిగ్గున లేచి నిలబడ్డాను. నేను నిలబడ్డానని ఆయనా నిలబడే ఉన్నారు. "కూర్చోండి" అని ఆయనకు చెప్పే నోరు నాకెక్కడిది? ఆయన నాకు చెబుదామంటే గది నాది. ఒకరి మొకం ఒకరు చూసుకుంటూ అట్లే ఉండిపోతే, కొత్తగా చేరిన ఎల్లేశ్ పంతులు గుమ్మంలో నవ్వు ఆపుకోలేక దగ్గినాడు.

నువ్వు ఎన్నో ఏండ్ల నుండి చేవెళ్ళ బడిలో పాఠాలు చెబుతున్నావు. పెద్దపంతుళ్ళను చూసినావు. నేను ఎట్లా ఉండాలో వ్రాయి. నువ్వు చెప్పినట్టే నడుచుకుంటాను.

నీ తమ్ముడు,
సాలోమోను


చేవెళ్ళ,
25 జూన్ 1941.

తమ్మీ సాలోమోనూ,

నీ ఉత్తరం చదివి ఒక్క అరుపు అరిచిన. మీ బావ శాంతయ్య దవాఖాన నుంచి అప్పుడే వచ్చి బువ్వకు కూసున్నడు. నన్ను తేలు కుట్టిందేమో అనుకొని ఎంగిలి చేత్తోనే మందుల సంచి అందుకున్నడు. ఆదివారం చర్చిల అందరికీ చెప్పిన. విననోళ్ళకు బయట నిలవడి చెప్పిన. మన అమ్మ ఉంటే ఈ దినం నేల మీద నడిచేది కాదు.

నీ రాత చూస్తే పుస్తకంల పాఠం లెక్క ఉన్నది. నేను మాట్లాడినట్టే రాస్త, హెడ్మాస్టరుకు నచ్చినా నచ్చకున్నా.

ఇగ విను. పెద్దపంతులు అంటే భయం ఉండాలె. మా పాత పెద్దపంతులు వరండల అడుగు పెడితే పిల్లలే కాదు, మేము గుడ ఊపిరి బిగవట్టేది. ఆయన ఒకటి అనుకుంటే అయిపోయినట్టే. ఎవ్వర్నీ అడిగేటోడు కాదు. ఇప్పుడు ఆయన జాగల కొత్తగ వచ్చింది ప్రేమమ్మ అని ఒక పెద్దమ్మగారు. దేవుడా! పొద్దున లేస్తే అడుగుడే. "సరోజమ్మా, ఈ పిల్లను ఏ క్లాసుల వేద్దాం? సరోజమ్మా, గంట ఎప్పుడు కొడదాం?" నాకు తెలిస్తే నేనే పెద్దమ్మగారిని అయ్యేదాన్ని గద! ఏం తెల్వనోళ్ళే గిట్ల అడుగుతరు. నువ్వు గట్ల కాకు. నువ్వే ఆలోచించు, నువ్వే చెప్పు. ఎవ్వర్నీ అడిగి అలుసైపోకు.

బాలప్ప పంతులయ్య సంగతి మాత్రం వేరు. ఆయనను తండ్రి లెక్క చూసుకోవాలె. ఆయన మోకాళ్ళు పోయినసారే చూసిన, కింద కూసుంటే లేవనీకి గోడ పట్టుకున్నడు. ఇన్నేండ్లు ఆ ఇసుకల కూసోని కూసోని అట్లయినయ్. ఇప్పుడు నీ చేతిల ఉన్నది, పంతులయ్యను సుఖపెట్టు. మనం ఆయన రుణం ఇంకెట్ల తీరుస్తం?

జర వేళకు వండుకొని తిను. అటుకులు తిని పండుకుంటున్నవని నాకు ఎరుకే.

అక్క సరోజమ్మ


మొయినాబాదు,
19 జూలై 1941.

ప్రియమైన అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేసినాను. చెప్పితే నీ కడుపు నిండుతుంది.

వడ్రంగితో చెప్పి టేకు కర్రతో చేతులున్న కుర్చీ చేయించినాను. నా గదిలో కూడా అటువంటిది లేదు. దాన్ని ఐదో తరగతి గదిలో కిటికీ దగ్గర, గాలి వచ్చే చోట వేయించినాను. చిన్న క్లాసును ఎల్లేశ్‌కు అప్పగించినాను. పంతులుగారు ఇక ఇసుకలో కూర్చోనక్కర లేదు. పెద్ద పిల్లలు చూచిరాత వ్రాసుకుంటూ ఉంటే కుర్చీలో కూర్చొని చూస్తే చాలు. వంగే పని లేదు, అరిచే పని లేదు.

ముందుగా ఎవరికీ చెప్పలేదు. సోమవారం ప్రార్థన కాగానే అందరి ముందర ప్రకటించినాను. పంతులుగారు కుర్చీ దాకా పోయి, దాని చేతి మీద చెయ్యి వేసి, చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగి "మీ దయ హెడ్మాస్టరు గారు" అన్నారు. ఆయన కండ్లలో నీళ్ళు చూసి నా గుండె నిండిపోయింది. ఆయనను ఇబ్బంది పెట్టగూడదని ఆ గది ముందర నుండి పోయేటప్పుడు చెప్పుల చప్పుడు కూడా కాకుండా పోతున్నాను. ఎల్లేశ్ క్లాసుకు మాత్రం దినం తప్పకుండా పోయి కూర్చొని, తప్పులు చూపి, సరిదిద్దుతున్నాను. కుర్రవాడు, నేర్చుకోవాలి కదా.

ఇంకొకటి. దొరగారి దగ్గర నుండి ఒక ఉత్తరువు వచ్చినది. వయసు మీరిన పంతుళ్ళను కొత్త సంవత్సరం నుండి తీసివేస్తారట. ఎవరైనా బడికి తప్పక కావాలనుకుంటే హెడ్మాస్టరు క్రిస్మసు లోపల వ్రాసి పంపాలి. పంతులుగారి కొరకు నేను వ్రాస్తాను, వేరే చెప్పాలా? ఆయనకు ఈ సంగతి తెలిస్తే ఊరికే మనసు పాడు చేసుకుంటారని దాచిపెట్టినాను.

అంతా నీ సలహా చలవ. నీ రుణం కూడా తీర్చుకోలేను.

సాలోమోను


చేవెళ్ళ,
13 సెప్టెంబరు 1941.

సాలోమోను హెడ్మాస్టరు గారికి,

తమ్ముడని రాయనీకి చెయ్యి వస్తలేదు.

బాలప్ప పంతులయ్య భార్య మారెమ్మ బిడ్డ పురుడుకని చేవెళ్ళకు వచ్చింది. నిన్న మా ఇంటికి వచ్చి గడప మీదనే కూసున్నది. లోపలికి రా అత్తా అంటే రాలే. "మీ తమ్ముడు మా ఆయనను కుర్చీల కూసోవెట్టి పని గుంజుకున్నడు బిడ్డా" అని కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పంతులయ్య ఇంట్ల మాట్లాడుతలేడట. పొద్దున అంగీ తొడుక్కొని బడికి పోతడు, సాయంత్రం వచ్చి మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకుంటడు. ముసలోళ్ళను తీసేస్తరని దొరగారి కాగితం వచ్చిందట గద! ఊరంత తెలుసు, నువ్వు ఒక్కనివే దాచుకున్ననని అనుకుంటున్నవ్. తీసేయుండ్రి అని హెడ్మాస్టరు ఆయన పేరు రాసి పంపిండని, పంపేముందు పనిలేనోణ్ణి చేసిండని అనుకుంటున్నరు. లేకుంటే చిన్న క్లాసు ఎందుకు తీసుకుంటడు? అందరి క్లాసులకు పోయి ఒక్క పంతులయ్య దగ్గరికే ఎందుకు పోడు? గిట్ల మారెమ్మ అడిగింది. దానికి జవాబు నీ దగ్గర ఉంటే చెప్పు.

నేను సుఖపెట్టమన్న, సాగనంపమన్ననా? హెడ్మాస్టరు కాంగనే కండ్లు నెత్తికెక్కినయా? బాపుతోని కొట్లాడి నీకు చదువు నిలబెట్టిన మనిషికి నువ్వు ఇచ్చేది ఇదేనా? బస్సెక్కి వచ్చి నీ చెవి మెలిపెడుదామనుకున్న. మీ బావ ఆపిండు.

సరోజమ్మ


మొయినాబాదు,
22 సెప్టెంబరు 1941.

అక్కకు,

ఎవ్వరినీ అడగకు అని చెప్పింది నువ్వు. పంతులయ్యను సుఖపెట్టు అని చెప్పింది నువ్వు. రెండూ చేసినాను. ఇప్పుడు కండ్లు నెత్తికెక్కినాయి అనేదీ నువ్వే.

నేను ఎవరి పేరూ వ్రాసి పంపలేదు. నువ్వు నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?

నీ ఉత్తరం వచ్చిన మరునాటి నుండి పంతులుగారు బడికి రావడం లేదు. "నన్ను వెళ్ళగొట్టే కాగితం రాకముందే నేనే పోతున్ననని చెప్పు" అని ఎల్లేశ్‌తో చెప్పి పంపినారు. ఆయన ఉండనంటే, ఆయన బడికి కావాలని దొరగారికి నేను ఏ మొకంతో వ్రాయాలి? చిన్న క్లాసులో సగం మంది పిల్లలు రావడం మానినారు. ఎల్లేశ్ వాళ్ళ ఇండ్లకు పోయి అడిగితే, పంతులు తాత లేడు గదా, మేమెందుకు వస్తం అన్నారట. ఎల్లేశ్ నిన్న నా ముందర ఏడ్చినాడు. తప్పులు వినీ వినీ వానికి పిల్లల ముందర నోరు పెగలడం లేదట. వాణ్ణి కూడా నేను ఇట్లా చేసినాను.

కుర్చీ ఖాళీగా ఉన్నది. ఆ గదిలోకి పోబుద్ధి కావడం లేదు. తాళంచెవులు దొరగారికి తిరిగి ఇచ్చివేయాలని ఉన్నది. ఇక నాకు సలహాలు వ్రాయకు.

సాలోమోను


చేవెళ్ళ,
11 అక్టోబరు 1941.

నా బంగారు తమ్మికి,

టపాల వేస్తే ఎన్నడు చేరుతదో అని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్న. సలహాలు రాయొద్దన్నవ్. సరే, సలహా కాదు, మా బడిల జరిగింది చెప్త. విను. కోపం తర్వాత చేద్దువు గని.

నా క్లాసుల ఆడపిల్లలు ఒక్కొక్కలే మానుతున్నరు. తల్లులు కైకిలి కూలికి పోతే ఇంట్ల చంటోళ్ళను ఎత్తుకునేది ఈ పిల్లలే. పాత పెద్దపంతులు చంటిపిల్లను చంకన వేసుకొని వచ్చినోళ్ళను గేటు కాడ్నే తిప్పి పంపేది. మేము నోరెత్తకపోయేది. ప్రేమమ్మగారు నన్ను పిలిచింది. నేను తిట్లకు తయారైపోయిన. ఆమె స్టూలు జరిపి, "సరోజమ్మా, ఈ ఇండ్లు నీకు ఎరుక. నాకు ఎరుక లేదు. ఏం చేద్దామంటవ్?" అన్నది.

తమ్మీ, ఇన్నేండ్ల కొలువుల నన్ను ఎవ్వరన్నా గట్ల అడిగిండ్రా? మాట నోట్లకెంచి దానంతట అదే వచ్చింది. వరండ దూలానికి చీరలతోని తొట్టెలలు కట్టుదాం, చంటోళ్ళను అండ్ల వేస్తం, పిల్లలు వంతులేసుకొని ఊపుతరు, మిగిలినోళ్ళు చదువుకుంటరు అన్న. ఆమె నవ్వలే. "చీరలు నేను తెస్త" అన్నది. ఇప్పుడు మా బడికి వచ్చి చూడు, వరండ పొడుగుత తొట్టెలలే! ఎక్కాలు చెప్పుకుంట ఊపుతున్నరు. చంటోళ్ళు ఎక్కాలు వినుకుంట నిద్రపోతున్నరు. పొద్దున గంట కొట్టకముందే నేను బడిల ఉంటున్న. మీ బావ, "నీకు పెద్దమ్మగారు ఏం మందు పెట్టింది, నాకు గుడ చెప్పు, దవాఖానల పనికొస్తది" అంటున్నడు.

ఆమెకు ఏం తెల్వక అడుగుతున్నదని నీకు రాసిన చూడు, ఆ రాత తలుచుకుంటే సిగ్గయితున్నది. ఆమె అడిగితే నాకు నడుము నిలవడ్డది. అప్పుడు పంతులయ్య యాదికొచ్చిండు. నువ్వు ఆయనకు కుర్చీ ఇచ్చినవ్, గాలి ఇచ్చినవ్, ఒక్క మాట అడగలే. ఆయనకు ఏం కావాల్నో నేనూ నువ్వే అనుకున్నం. ఇద్దరం కలిసే చేసినం ఈ పని. నిన్ను ఒక్కణ్ణే తిట్టిన, తప్పు నాది.

మారెమ్మ మొయినాబాదుకు తిరిగి వచ్చేసింది. నా తమ్ముడు పేరు రాయలేదని ఒట్టేసి చెప్పి పంపిన. నమ్మిందో లేదో తెల్వదు. నువ్వు పో. క్షమించమని కాళ్ళ మీద పడకు, ఆయనకు అది ఇంకా బాధ. పోయి అడుగు. ఇగ నా మాట వింటవో వినవో నీ ఇష్టం.

అక్క


మొయినాబాదు,
5 నవంబరు 1941.

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన తర్వాత కూడా నాలుగు దినాలు ఇంట్లోనే అటూ ఇటూ తిరిగినాను. తర్వాత పోయినాను. అంతా వ్రాస్తాను, బావకు కూడా చదివి వినిపించు.

పంతులుగారు పెరట్లో కూర్చొని జనుపనారతో తాడు పేనుతున్నారు. నన్ను చూసి గోడ పట్టుకొని లేచినారు. "రాండ్రి హెడ్మాస్టరు గారు. మారెమ్మా, పీట వెయ్యి" అన్నారు. నేను దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎక్కడికి పోయినాయో! "పంతులుగారూ, చిన్న క్లాసు పాడైపోతున్నది. నాకు చాతనైత లేదు. ఏం చేయాలో చెప్పుండ్రి" అన్న.

"నన్నా అడుగుతున్నది?" అన్నారు.

"మిమ్మల్నే."

ఆయన తాడు పక్కకు పెట్టినారు. తర్వాత మొదలుపెట్టినారు చూడు, అక్కా, నేను చిన్నప్పుడు కూడా అంత తిట్లు తినలేదు.

"కుర్చీ మంచిదే. టేకుది. అండ్ల కూసున్నంక నేను బతికున్ననో లేనో నాకే తెల్వకపోయె. దినం ఎల్లేశ్ క్లాసుకు పోతివి, తప్పులు వట్టితివి. నా గది ముందటికెంచి దొంగ లెక్క సప్పుడు చేయకుంట పోతివి. నేను తప్పులు చేస్తలేనా? నన్ను తిట్టనీకి గుడ పనికిరానా? తిట్టేతందుకు గుడ లేనోడు బడిల ఉన్నట్టా, లేనట్టా?"

"మీ మోకాళ్ళు నొస్తున్నయని..." అన్న.

"నొస్తున్నయ్. ఎవడు కాదన్నడు? ఒక్కసారి అడిగి ఉంటే చెప్పకపోదునా! ఇంట్ల కూసున్నా నొస్తయ్, కుర్చీల కూసున్నా నొస్తయ్. ఒక్క పోరగాని వేలు పట్టి రాయించేటప్పుడే ఆ నొప్పి యాదికి రాదు. దాన్నే తీసుకుంటివి గదరా!"

అక్కా, ఆ 'రా' విని నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చిన కూడా. దొరగారి ఉత్తరువు సంగతి అప్పుడు చెప్పిన. నేను ఏమీ పంపలేదని, ఆయన ఉండాలని వ్రాద్దామనుకొని దాచిపెట్టిన అని చెప్పిన. "ఉండాల్నో వద్దో గుడ నన్ను అడగకుంటనే రాద్దామనుకున్నవా?" అని మళ్ళీ తిట్టినారు. మారెమ్మ అత్త మజ్జిగ తెచ్చి, "ఇగ చాలు తియ్, పిల్లగాని గొంతు ఎండిపోయింది" అన్నది.

అప్పుడు ఇద్దరం కూర్చొని మాట్లాడుకున్నాం. కింద కూర్చుంటే లేవలేను గాని, చిన్న పీట ఉంటే చాలు అన్నారు. ఎల్లేశ్‌ను తీసేయకు, నా పక్కన ఉండనియ్యి, వంగేది వాడు వంగుతడు, వానికి పిల్లల మనసు ఎట్ల పట్టాల్నో నేను చూపెడత అన్నారు. ఇంత తేలికైన మాట నాకు ఎందుకు తట్టలేదో! అడిగి ఉంటే జూలైలోనే చెప్పేవారు.

సోమవారం పంతులుగారు వచ్చినారు. నేను క్లాసులోకి పోయిన. నన్ను చూసి ఆయన పీట మీది నుండి లేచినారు. ఆయన లేచినారని నేను కూర్చోలేదు. మేమిద్దరం నిలబడ్డామని ఎల్లేశ్ నిలబడ్డాడు, పిల్లలంతా నిలబడ్డారు. పంతులుగారు చుట్టూ చూసి, "నువ్వు హెడ్మాస్టరువని నేను, నేను పంతులునని నువ్వు, గిట్ల నిలవడితే ఈ పోరగాండ్లు ఎప్పుడు కూసోవాలె?" అన్నారు. క్లాసంతా పకపక నవ్వింది. నేను బయటికి వచ్చేసిన. ఇంకా అలవాటు కావాలి.

మానేసిన పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. నేను ఎట్లా రాసినా నువ్వు ఇంక నవ్వవనుకుంటా, పుస్తకం భాష పట్టు తప్పుతున్నది.

నీకు ఎన్ని దండాలు పెట్టినా తీరదు.

నీ తమ్మి


చేవెళ్ళ,
6 డిసెంబరు 1941.

తమ్మీ,

ఉత్తరం చదివి నేను ఏడ్చిన, మీ బావ నవ్విండు, మళ్ళ ఆయన ఏడ్చిండు, నేను నవ్విన. ప్రేమమ్మగారికి గుడ చదివి వినిపించిన. ఆమె "మీ పంతులుగారిని ఒకసారి చూడాలె" అన్నది. నాకు అప్పుడు అనిపించింది, మంచి పెద్దలు దొరుకుడు గుడ దేవుని దయనే. మనకు చిన్నప్పుడు పంతులయ్య దొరికిండు, నాకు ఇప్పుడు ఈమె దొరికింది. ఆమెకు ఈ మాట మొకం మీదనే చెప్పేసిన. ఆమె సిగ్గుపడి, "తొట్టెల చీర చినిగింది చూడు సరోజమ్మా" అని మాట మార్చింది.

ఇప్పుడు ఒక్కటే ఫికర్. దొరగారికి రాసినవా? ఏం అన్నడు? ఉత్తరువు అంటే ఉత్తరువే అని పట్టుబడితే పంతులయ్య మళ్ళ గోడ దిక్కు తిరిగి పండుకుంటడు. ఈసారి లేవడు. అందరి ముందట మళ్ళ ఆ క్లాసు తెచ్చి ఇచ్చి, మళ్ళ గుంజుకుంటే ఏ మనిషి తట్టుకుంటడు? రాత్రి నిద్ర పడ్తలేదు. ఏదైనా జరిగితే వెంటనే రాయి. బస్సు డ్రైవరుకు నేను చెప్పి పెట్టిన.

అక్క


మొయినాబాదు,
24 జనవరి 1942.

అక్కా,

ఆలస్యానికి తిట్టకు. తేలేదాకా రాయొద్దనుకున్న.

క్రిస్మసుకు ముందే రాసి పంపిన. ఈసారి పంతులుగారిని అడిగే రాసిన. "ఉంటానని రాయనా?" అంటే, "రాయి. చాతగాననుకున్న దినం నేనే చెప్త, నువ్వు కనిపెట్టనక్కర లేదు" అన్నారు. దొరగారు జవాబు రాయలేదు. కొత్త సంవత్సరం వచ్చింది. పంతులుగారు దినం వస్తున్నారు గాని, గేటు కాడ కొత్త మనిషి ఎవరైనా కనబడితే మాట్లాడేది ఆపేస్తారు. నేనూ అంతే.

పోయిన బుధవారం దొరగారు స్వయంగా వచ్చినారు. బడి అంతా తిరిగి నా గదిలో కూర్చున్నారు. "చిన్న క్లాసులో ఇద్దరు పంతుళ్ళు ఎందుకు? కుర్రవాడు ఉన్నాడు కదా. అతనికే ఖాయంగా ఇస్తే పెద్దాయనకు విశ్రాంతి దొరుకుతుంది" అన్నారు. నేను ఆరు నెలల కింద అనుకున్న మాటే, అక్కా! అక్షరం తేడా లేదు. ఆయనా మంచికే అంటున్నారు.

జవాబు నాలుక మీదికి వచ్చింది గాని ఆపుకున్న. "అయ్యగారూ, ఆ క్లాసు చెప్పేవాళ్ళను పిలిచి అడుగుదాం" అన్న. దొరగారు వింతగా చూసినారు. ఎల్లేశ్‌ను పిలిచిన. నిజం చెప్పనా, ఆ నిమిషం నాకు భయమే అయింది. ఖాయంగా క్లాసు దొరికితే వానికి మేలు. వద్దనడానికి వానికేం పట్టింది? పైగా వాణ్ణి నేను తక్కువ ఏడిపించలేదు.

ఎల్లేశ్ చేతులు కట్టుకొని, తల వంచుకొని నిలబడ్డాడు. "అయ్యగారూ, నాకు ఆ క్లాసు ఒక్కనికే ఇచ్చిండ్రు ఇంతకుముందు. సగం మంది పోయిండ్రు. పంతులయ్య వచ్చినంక వాళ్ళు వచ్చిండ్రు, వాళ్ళతోపాటు నాకు గుడ నోరు వచ్చింది. నాకు ఇంకా నేర్చుకునేది ఉన్నది. ఆయనను పంపిస్తే నన్ను గుడ పంపుండ్రి" అన్నాడు. తల వంచుకున్నా మాట తడబడలేదు.

దొరగారు లేచి కిటికీలో నుండి చిన్న క్లాసు వైపు చాలాసేపు చూసినారు. "సరే. ఆయన చాలు అనేదాకా ఉండనివ్వండి" అన్నారు. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు కూడా" అన్నారు. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నన్ను ఖాయం చేసినారు, అక్కా! ఎల్లేశ్‌కు ఆ మాట నాకంటే ముందే అర్థమైంది, వాడు ఎగిరి గంతేసినాడు. వాణ్ణి పట్టుకొని ఊపేసిన. హెడ్మాస్టరు అట్లా చేయొచ్చో లేదో నువ్వే చెప్పాలె.

నిన్న సాయంత్రం పంతులుగారు ఇంటికి పోతూ నా గుమ్మంలో ఆగినారు. "వెనుక వరుసోళ్ళకు నా మాట ఇనవడుతలేదని ఎల్లేశ్ అంటున్నడు. నాకేమో అట్లనిపిస్తలేదు. రేపు వచ్చి వెనుక కూసొని చూసి చెప్పు. మొకమాటం పడకు" అన్నారు.

ఈ పొద్దు పోయిన. పిల్లల వెనుక, గోడకు ఆనుకొని ఇసుకలో కూర్చున్న. ఆయన లేవలేదు, నేను నిలబడలేదు. పాఠం మొదలుపెట్టినారు. అక్కా, నిజంగానే వినపడలేదు. పెదాలు కదులుతున్నాయి, ముందర ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు, నా పక్కన ఉన్న పిల్ల నోరు తెరుచుకొని చూస్తున్నది. మన చిన్నప్పుడు వీధి చివరకు వినపడిన గొంతు అది. చెప్పాలా వద్దా? ఇంతమంది పిల్లల ముందర ఆయనకు నేనా చెప్పేది? చెప్పకుండా లేచి పోతే ఆయనను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టినట్టే.

"వినపడుతలేదు పంతులుగారూ!" అన్న.

క్లాసంతా తిరిగి నా దిక్కు చూసింది. పంతులుగారు గోడ పట్టుకొని లేచి, పీట చంకన పెట్టుకొని, పిల్లల నడుమ నుండి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, నా పక్కనే వేసుకొని కూర్చున్నారు.

"ఇప్పుడు?" అన్నారు.

"ఇప్పుడు వినపడుతున్నది" అన్న.

ఇంక నా మొకం చూడలేదు. నా పక్కన ఉన్న పిల్ల వేలు పట్టుకొని ఇసుక మీద పెట్టినారు.

నీ తమ్మి,
సాలోమోను